మెడపట్టు

బ్యాంకాక్ నుంచి వచ్చి విమానం దిగిన రోజు సాయంత్రమే తవీని రింగులోకి దించారు. ప్రయాణపు వికారం ఇంకా కడుపులోనే ఉంది. ఎదురుగా నిలబడ్డవాడు కరాటే మనిషి, మంచి దిట్టం. చిన్నప్పటి నుంచి చేతులకి అబ్బిన విద్య కొద్దీ తవీ అతని మెడ వెనక రెండు చేతులూ బిగించి, తల కిందికి లాగి మోకాలు ఎత్తాడు. ఒక్క పోటు పడిందో లేదో రిఫరీ పరుగెత్తుకొచ్చి విడదీశాడు. మళ్లీ పట్టాడు. మళ్లీ విడదీశాడు. ఆ తరువాత వేలు చూపించి బెదిరించాడు. తన దేశంలో అయితే ఆ మెడపట్టు చూడ్డానికే జనం ఎగబడతారు. అందులో ఎవడిది పైచేయి అయితే వాడిదే గెలుపు. ఇక్కడ అది తప్పు. తవీ పాయింట్ల మీద ఓడిపోయాడు. ఒసాకా హాలంతా లేచి కేకలు పెట్టింది.

అలా వచ్చి ఓడినవాళ్లు ఆ వారంలోనే తిరుగు విమానం ఎక్కేవారు. తవీ ఉండిపోయాడు. పోటీలు నడిపే కాగేయామాకి తన జిమ్ములో తన్నడం నేర్పే మనిషి కావలసి వచ్చింది. తవీకేమో ఊళ్లో ఎదురుచూసేవాళ్లు ఎవరూ లేరు. భాష పట్టుబడింది. పెట్టెల్లో అన్నం సర్ది అమ్మే దుకాణంలో పనిచేసే ఫుమియేతో పెళ్లయింది. కూతురు చియే పుట్టింది.

కాగేయామా ఒకప్పుడు బాక్సింగు పోటీలు వేసేవాడు. కరాటే వాళ్లు దెబ్బ ఒంటికి తగలకముందే చెయ్యి ఆపేసి పాయింట్లు వేసుకునే రోజులవి. అది చూసి జనం ఆవులించారు. థాయ్ వాళ్ల ఆటలో పిడికిలీ, కాలూ, మోకాలూ, మోచెయ్యీ అన్నీ నిజంగానే పడతాయి. ఈ రెండు రకాల మనుషుల్నీ ఒకే తాళ్ల మధ్య నిలబెడితే ఎలా ఉంటుందన్న ఆలోచన జపాన్‌లో అతనిలాంటి వాళ్లకి వచ్చింది. కిక్‌బాక్సింగ్ అన్న ఇంగ్లీషు పేరు కూడా ఇక్కడివాళ్లు పెట్టుకున్నదే. మొదట్లో తలతో కుమ్మినా చెల్లేది, జూడో మనిషి ఎత్తి కుదేసినా చెల్లేది. పోనుపోను ఒక్కొక్కటే తీసేశారు. మోచేతి దెబ్బకి కనుబొమ్మ చిట్లి నెత్తురు కారుతుంటే రాత్రి భోజనాల దగ్గర టీవీ కట్టేస్తున్నారని కాగేయామా చైర్మన్‌గా ఉన్న సంఘం మోచెయ్యి తీసేసింది. ఇద్దరూ కావలించుకుని నిలబడితే చూసేవాళ్లకి తోచడం లేదని, పట్టు పడగానే విడదీయమంది. ఒక్కో సంఘానికి ఒక్కో రూలు. కాగేయామా రూల్సు మాత్రం ఎప్పుడు మారినా నిషివాకికి పనికొచ్చేలాగే మారేవి.

నిషివాకి కురోమోన్ బజారులో చేపల పెట్టెలు మోసిన కుర్రాడు. కరాటే కొంత వచ్చు. జిమ్ముకి వచ్చిన కొత్తలో అతని కాలు కర్ర విసిరినట్టు పడేది. నడుము తిప్పడం, మడమ తిప్పడం, పాదంతో కాకుండా మోకాలి కింద ఎముకతో కొట్టడం తవీ నేర్పాడు. నేర్పింది నేర్పినట్టు పట్టుకునేవాడు. పైగా చూడచక్కనివాడు. కుడికాలు ఎదుటివాడి పక్కటెముకల మీద పడితే టీవీలో ఆ చప్పుడు వినిపించేది. ఎక్స్‌పో అనే ప్రపంచ ప్రదర్శన ఒసాకాలో జరిగిన ఏడాదికల్లా ఊరి బస్సుల మీద అతని బొమ్మలు వెలిశాయి. "మాస్టారు లేకపోతే నేను ఇంకా చేపల కంపు కొడుతూ ఉండేవాణ్ణి" అని నలుగురిలో చెప్పుకునేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా తవీకి కడుపు నిండేది.

మెడపట్టు దగ్గరే పేచీ వచ్చేది.

"నా మెడ పట్టు. ఇప్పుడు విడిపించుకో. మోచేతులు లోపలికి పెట్టు, నడుము దగ్గరికి తీసుకురా" అని తవీ రోజూ చెప్పేవాడు.

"ఎందుకు మాస్టారూ ఈ బాధ? పట్టుకోగానే రిఫరీ వస్తాడుగా!"

"రాకపోతే?"

"ఎందుకు రాడు? జీతమిచ్చేది మన చైర్మనే!"

జిమ్మంతా నవ్వేది. తవీ కూడా నవ్వేవాడు.

నిషివాకి మీదికి తెచ్చే థాయ్ వాళ్లని విమానాశ్రయం నుంచి తెచ్చేది, రూల్సు చెప్పేది తవీనే. ఎవరొచ్చారో అతనికి తెలుసు. ఒకతను రింగు మానేసి టాక్సీ నడుపుకుంటున్నవాడు. ఒకతను నిషివాకి కన్నా బాగా తక్కువ బరువు వాడు. తూకం రోజున జేబుల్లో ఏం పెట్టుకున్నాడో ఎవరూ అడగలేదు. ఎవరినీ ఓడిపొమ్మని చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు. తవీ వాళ్లకి వేడివేడి సూపు తాగించి, "మోచెయ్యి వాడకండి, మెడ పట్టకండి" అని చెప్పి బరిలోకి పంపేవాడు. తరువాత వెళ్లి రింగులో నిషివాకి వైపు మూలలో, అతని గురువుగా నిలబడేవాడు. గెలిచిన ప్రతిసారీ ఈ సంగతి అతనికి చెబుదామనుకునేవాడు. కుర్రాడి సంతోషం చూసి నోరు మూసుకునేవాడు.

చివరికి నిషివాకే సవాలు విసిరాడు. టీవీ వాళ్ల ముందు, కెమెరా వైపు చూస్తూ విసిరాడు.

"ఇక్కడికొచ్చిన థాయ్ వాళ్లందర్నీ పడగొట్టాను. ఇంక నేనే బ్యాంకాక్ వెళ్తాను. వాళ్ల స్టేడియంలో, వాళ్ల రూల్సుతోనే కొడతాను."

కాగేయామా ముఖం ఒక్క క్షణం నల్లబడింది. టీవీ వాళ్లు చప్పట్లు కొట్టేసరికి తనూ కొట్టాడు. వెనక్కి తీసుకోవడానికి వీల్లేకుండా పోయింది.

ఎదురు నిలబడబోయేది సింగ్‌దామ్. తవీలాగే ఖొరాత్ వైపు మనిషి. మంచి వయసులో ఉన్నాడు. మెడపట్టులో అతని చేతికి చిక్కినవాడు నిలువునా దిగిపోతాడని పేరు. తవీ తెల్లవారుతూనే నిషివాకిని లేపి పట్టు నేర్పడం మొదలుపెట్టాడు. కుర్రాడు ఒళ్లు దాచుకోకుండా చేశాడు. కానీ చేతులకి ఏళ్ల తరబడి పట్టాల్సిన విద్య వారాల్లో ఎక్కడ వస్తుంది? ఎవడైనా మెడ మీద చెయ్యి వేయగానే నిషివాకి చేతులు వదిలేసి నిలబడేవాడు. ఆ అలవాటు ఎముకల్లోకి దిగిపోయింది.

బ్యాంకాక్‌లో పోటీ రోజు ఉదయం ఇద్దరూ స్టేడియం వెనక సందులో గంజి తాగుతూ కూర్చున్నారు. ఇంక ఆగితే లాభం లేదని తవీ చెప్పేశాడు. టాక్సీ అతని గురించి చెప్పాడు, తక్కువ బరువు వాడి గురించి చెప్పాడు, విమానం దిగీ దిగకముందే రింగెక్కిన తన గురించి కూడా చెప్పాడు.

"ఇవాళ నిన్ను విడదీసేవాడు ఉండడు. అతను మెడ పట్టనివ్వకు. పట్టాడా, ఎలాగోలా తాళ్ల మీదికి పడిపో. తెలిసిందా?"

నిషివాకి చెంచా పక్కన పెట్టాడు.

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

తవీ గంజి గిన్నె పక్కకి జరిపాడు.

"నేను చెప్పనా? మీరు ఓడిపోయారు. మీవాళ్లందరూ ఓడిపోయారు. ఇవాళ సింగ్‌దామ్ కూడా ఓడితే మీ దేశంలో మీకు తల ఎత్తుకునే చోటు ఉండదు. అందుకని పొద్దున్నే నా కాళ్లు వణికించాలని చూస్తున్నారు."

"ఒరేయ్, నేను నీ మూలలో నిలబడేవాణ్ణిరా!"

"నిలబడండి. నోరు మాత్రం ఎత్తకండి."

పోటీ వేళకి రింగు పక్కన సన్నాయిలాంటి కొమ్మూ, డోళ్లూ మొదలయ్యాయి. సింగ్‌దామ్ తలకి మంత్రించిన తాడుచుట్ట పెట్టుకుని, గురువుకి మొక్కుతూ రింగు నాలుగు వైపులా తిరిగాడు. మొదటి రౌండులో ఏమీ చేయలేదు. అక్కడ అదే పద్ధతి. పందాలు కాసేవాళ్లు ఇద్దరినీ చూసుకోవాలి. నిషివాకి దాన్ని భయమనుకున్నాడు. కుడికాలు గట్టిగా విసిరాడు, అది తగిలింది కూడా. మూలకి వచ్చి కూర్చుని తవీ వైపు చూసి ఎగతాళిగా నవ్వాడు.

రెండో రౌండులో సింగ్‌దామ్ మెడ పట్టాడు.

నిషివాకి చేతులు వదిలేసి రిఫరీ వైపు చూశాడు. తవీ ఆ చూపు బతికినన్నాళ్లూ మరిచిపోలేదు. ఎవరో వచ్చి తలుపు తీస్తారని గడపలో నిలబడ్డవాడి చూపు అది. రిఫరీ చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. మోకాలు పడింది. మళ్లీ పడింది. ప్రతి పోటుకీ స్టేడియమంతా ఒక్క గొంతుతో "ఓయ్!" అంది. నిషివాకి ఇంకా రిఫరీనే చూస్తున్నాడు.

"తాళ్ల మీదికి పడరా! పడిపో!" తవీ గొంతు చించుకున్నాడు.

మూడో రౌండులో మోచేతి దెబ్బకి కనుబొమ్మ తెగింది. అది పెద్ద సంగతి కాదు. కుడి పక్కన మోకాలు దిగినప్పుడు తవీకి చప్పుడు వినిపించింది. కుర్రాడు ఊపిరి తీసుకోలేక నోరు తెరిచాడు. అయినా పడలేదు. పంతం కొద్దీ నిలబడ్డాడు. సింగ్‌దామ్ మళ్లీ అతని మెడ దగ్గరికి చేతులు చాపాడు.

తవీ భుజం మీది తువ్వాలు తీసి, ఓటమి ఒప్పుకున్న గుర్తుగా రింగులోకి విసిరాడు.

ఆస్పత్రిలో డాక్టరు ఎక్స్‌రే చూపించి, విరిగిన ఎముక కాలేయానికి ఆనుకుని ఉందని, ఇంకొక్క పోటు పడితే మనిషి దక్కేవాడు కాదని చెప్పాడు. ఆ మాటలు జపనీసులోకి మార్చి చెప్పింది తవీనే. కాగేయామా విన్నాడు. మంచం మీద నిషివాకి కూడా విన్నాడు.

ఒసాకాలో విమానం దిగగానే పత్రికల వాళ్లు కమ్ముకున్నారు. విమానాశ్రయంలోనే ఒక గది తీసుకుని కుర్చీలు వేశారు. కాగేయామా మైకు ముందు తల వంచి నమస్కరించి మొదలుపెట్టాడు.

"మా వాడు ఓడిపోలేదు. మూలలో ఉన్నది ఏ దేశం మనిషో మీకు తెలుసు. తువ్వాలు ఎవరి కోసం విసిరాడో నన్ను అడక్కండి."

ఒక విలేకరి నిషివాకిని అడిగాడు. "ఇంకా కొట్లాడగలిగేవారా?"

తవీ గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. నిషివాకి అతని వైపు చూడలేదు. పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకుని, బల్ల మీద ఉన్న నీళ్ల గ్లాసుతో చెబుతున్నట్టు చెప్పాడు.

"తువ్వాలు వేయమని నేను అడగలేదు. నేను నిలబడే ఉన్నాను."

అందులో ఒక్క ముక్కా అబద్ధం లేదు. తవీకి తల కొట్టేసినట్టయింది. మర్నాడు జిమ్ముకి వెళితే తలుపు దగ్గర అతని చెప్పులూ, చేతికవచాలూ మూట కట్టి పెట్టి ఉన్నాయి. లోపల సంచులు కొడుతున్న కుర్రాళ్లు ఒక్కరూ తల తిప్పలేదు.

బడిలో పిల్లలు నేల తుడిచే తడిగుడ్డలు చియే మీదికి విసిరి "తువ్వాలు! తువ్వాలు!" అని వెంటపడేవారు. అన్నం పెట్టెల దుకాణంలో ఫుమియేని గల్లా దగ్గర నుంచి తీసి వెనక గిన్నెలు కడిగే చోట పెట్టారు. తవీ తైషో వార్డులో ఇనుప తుక్కు యార్డులో పనికి చేరాడు. పాత బాయిలర్లు కోసి, ముక్కలు లారీల్లోకి ఎత్తే పని. అక్కడ పనిచేసే ఒకినావా దీవుల వాళ్లకి అతను ఎవరో తెలుసు. తెలిసీ అడగనందుకు వాళ్లంటే తవీకి ప్రేమ.

మరుసటి ఏడు ఎండాకాలంలో కాగేయామా యార్డుకి వచ్చాడు. తెల్ల బూట్లకి తుప్పు అంటకుండా అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చాడు.

"ఏవయ్యా తవీ, బాగా నల్లబడ్డావే!"

"పని చెప్పండి చైర్మన్ గారూ."

"సింగ్‌దామ్‌ని తెస్తున్నాం. ఈసారి ఒసాకాలో, మన రూల్సుతో. నిషివాకి పగ తీర్చుకుంటాడు. రూల్సు చెప్పడానికి మీ భాష వచ్చినవాడు దొరకలేదు. నువ్వు రావాలి."

"నేను ద్రోహిని కదండీ."

"అబ్బ, అవన్నీ పత్రికల కోసం అనుకునే మాటలయ్యా! ఇంకా పట్టుకుని కూర్చున్నావా?"

తవీ చేతిలో ఇనుప కడ్డీ ఉంది. దాన్ని మెల్లిగా కింద పెట్టి, వస్తానన్నాడు. పరాయి ఊళ్లో ఒంటరిగా దిగబోయే తన వైపు మనిషి కోసమే వెళుతున్నానని ఫుమియేతో చెప్పాడు. నిషివాకి ముఖం ఒకసారి చూడాలనుందని మాత్రం చెప్పలేదు.

రూల్సు చెప్పే సమావేశం పోటీ ముందురోజు మధ్యాహ్నం హోటలు గదిలో పెట్టారు. బల్లకి ఒక పక్క సింగ్‌దామ్, ఎదురుగా నిషివాకి. నిషివాకి బుగ్గలు పీక్కుపోయాయి. తవీ లోపలికి రాగానే చూపు బల్ల మీదికి దించుకున్నాడు. కుర్చీలో సర్దుకుంటున్నప్పుడు అతని చెయ్యి తనకి తెలియకుండానే కుడి పక్కకి వెళ్లింది. తవీ అది చూశాడు. ఆ ఎముక సరిగ్గా అతకలేదు.

కాగేయామా ఒక్కొక్క రూలే చదివాడు. తవీ ఒక్కొక్కటే చెప్పాడు. మోచెయ్యి లేదు. మెడ పట్టకూడదు, పడితే వెంటనే విడదీస్తారు, మళ్లీ పడితే పాయింటు పోతుంది. నేర్పు కన్నా ముందుకు తోసుకెళ్లేవాడికి పాయింట్లు ఎక్కువ. సింగ్‌దామ్ అన్నిటికీ నవ్వుతూ తల ఊపాడు.

కాగితం అయిపోయింది. తవీ లేవబోతూ, కాగితంలో లేని మాట ఒకటి సింగ్‌దామ్ చెవి దగ్గరికి వంగి చెప్పాడు. గదిలో ఆ భాష తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు.

"కుడి పక్కటెముకలు ఇంకా అతకలేదు. అక్కడ కొట్టు. ఒక్క తన్నుతో అయిపోతుంది."

ఆ మాట నోరు దాటాక తవీకి తన గొంతు తనది కానట్టు వినిపించింది. ఏడాదిగా తన మీద వేసిన నింద అబద్ధం. ఈ క్షణంతో అది నిజమైపోయింది.

సింగ్‌దామ్ అతని వైపు వింతగా చూశాడు.

"అన్నా, అవి విరగ్గొట్టింది నేనే. నాకు తెలీదా? ఇదంతా వీళ్ల తిరనాళ్లు. ఐదు రౌండ్లు ఆడి ఇంటికి పోతాను. ముందే విరిగినవాణ్ణి మళ్లీ విరగ్గొట్టి నేనేం చేసుకుంటాను?" అని, కాస్త ఆగి, "ఆ రోజు తువ్వాలు వేసింది నువ్వే కదూ! మంచిపని చేశావు. నాకు ఆపుకోవడం చేతకాలేదు" అన్నాడు.

 తవీ తల ఎత్తేసరికి నిషివాకి అతని పెదాల వైపే చూస్తున్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

పోటీని తవీ హాలు వెనక నిలబడి చూశాడు. సింగ్‌దామ్ మెడ పట్టినప్పుడల్లా రిఫరీ దూకి విడదీశాడు. నిషివాకి ఒక మోచెయ్యి పక్కటెముకలకి ఆనించుకుని, మిగతా ఒంటితో కొట్టాడు. సింగ్‌దామ్ కాళ్ల మీదా, చేతుల మీదా తన్నాడు గాని కుడి పక్కకి ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఐదు రౌండ్లూ అయ్యాయి. న్యాయనిర్ణేతలు నిషివాకి చెయ్యి ఎత్తించారు. హాలు ఊగిపోయింది. సింగ్‌దామ్ అతన్ని కావలించుకుని, వీపు తట్టి దిగి వెళ్లిపోయాడు. మర్నాడు బడిలో చియేని పిల్లలు ఆటలోకి రానిచ్చారు. ఆ పిల్ల ఇంటికి వచ్చి "నాన్నా, నిషివాకి గెలిచాడు!" అని గంతులు వేసింది.

ఆ ఆదివారం నిషివాకి మిఠాయిల పెట్టె పట్టుకుని యార్డుకి వచ్చాడు. తుప్పురజను మీదే మోకాళ్లూని నుదురు నేలకి ఆనించాడు. ఒకినావా వాళ్లు పని ఆపి చూస్తున్నారు.

"లే. బట్టలు పాడవుతాయి" అన్నాడు తవీ.

"లేవను మాస్టారూ. ఆ రోజు విమానాశ్రయంలో నేనన్న మాట మీ బతుకు తీసేసింది. అంటున్నప్పుడే నాకు తెలుసు. డాక్టరు చెప్పింది నా చెవులతో విన్నాను. అయినా అన్నాను."

"అయిపోయిందిలే."

"కాలేదు. మొన్న హోటల్లో మీరు వంగి అతని చెవిలో ఏదో అన్నారు చూడండి, నాకు చెమటలు పట్టేశాయి. అయిపోయింది, ఎముక సంగతి చెప్పేశారు, నాకు తగిన శాస్తే అనుకున్నాను. కానీ అతను ఆ వైపుకే రాలేదు. ఒక్కసారి కూడా రాలేదు. అప్పుడు ఏడుపొచ్చింది మాస్టారూ. ఇంత చేసినా మీరు నన్ను పట్టివ్వలేదు. మీరెలాంటి మనిషో నాకు ఆ ఐదు రౌండ్లలో తెలిసింది."

తవీ నోరు తెరిచాడు. చెప్పాన్రా, చెప్పాను అన్న మాట పళ్ల దాకా వచ్చింది. కింద కుర్రాడి భుజాలు ఎక్కిళ్లకి కదులుతున్నాయి. ఈ క్షమాపణ కోసం ఏడాది పాటు ఎన్ని రకాలుగా ఎదురుచూశాడో తవీకి గుర్తుంది. కొన్నిసార్లు కలలో కాలితో తన్నాడు, కొన్నిసార్లు లేపి కావలించుకున్నాడు. ఇప్పుడు రెండూ చేయలేకపోయాడు. "ఊఁ" అని మాత్రం అన్నాడు. మిఠాయిల పెట్టె తీసుకున్నాడు.

ఆ వారంలోనే నిషివాకి పత్రికల వాళ్లని పిలిచి అంతా చెప్పాడు. తువ్వాలు తన ప్రాణం కాపాడిందని, నింద తప్పని, శత్రువు చెవి దగ్గర నోరుండీ తన మాస్టారు తన రహస్యం దాచాడని చెప్పాడు. పత్రికలు అది బొమ్మలతో వేశాయి. కాగేయామా జిమ్ముకి తిరిగి రమ్మని కబురు పెట్టాడు. దుకాణంలో ఫుమియేని మళ్లీ గల్లా దగ్గర కూర్చోబెట్టారు. వీధిలో తవీ ఎదురైతే జనం ఆగి తల వంచి నమస్కరించేవారు. అప్పుడు అతను సైకిలు దిగి, తలదించుకుని, గబగబా నడిచిపోయేవాడు.

జిమ్ముకి వెళ్లలేదు.

"వాడే వచ్చి కాళ్ల మీద పడ్డాడు. ఊరంతా మెచ్చుకుంటోంది. చైర్మన్ పిలుస్తున్నాడు. ఇంకేం కావాలండీ మీకు?" అని ఫుమియే అడిగింది.

"జిమ్ము దూరం" అన్నాడు తవీ. "యార్డు అయితే దగ్గర."

 అది పంతం అనుకుంది ఫుమియే. నిషివాకి మాటలు పడ్డ పత్రిక ముక్కని జాగ్రత్తగా కత్తిరించి, చియే పెద్దయ్యాక చూపించాలని బీరువాలో పెట్టింది. తవీ అన్నం పెట్టె తీసుకుని పనికి వెళ్లిపోయాడు.